తొలిసూరు కాన్పుకు కోత తప్పదా?

ఇంటిల్లిపాదీ చదువుకొనే పత్రికలో ఇలాంటి సంగతి రాయవచ్చునా అని కొందరికి అనిపించవచ్చు. మేమూ ఆ మాట చర్చించుకొన్నాం. కాని కుటుంబం మొదలయ్యేది కాన్పు గదిలోనే గదా! అక్కడ తల్లి శరీరానికి జరిగినదాన్ని గురించి ఇంట్లో ఎవరూ నోరు విప్పకపోతే ఆ బాధంతా ఆమె ఒక్కతే మోయవలసి వస్తుంది. అందుచేతనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు చుట్టుపక్కల సంఘాలలోని స్త్రీల సమాజాలకు చెందినవాళ్లం మేము. మాలో పంతులమ్మలున్నారు, కూలిపనికి పోయేవాళ్లున్నారు, మగ్గం నేసే ఇండ్లవాళ్లున్నారు, కాన్పు వార్డులో ఏళ్ల తరబడి పనిచేసి రిటైరైన నర్సమ్మ ఒకరున్నారు. సంఘంలో ఏ ఇంట బిడ్డ పుట్టినా ఇద్దరు ముగ్గురం కలిసి వెళ్లి బాలింతను చూసి, ప్రార్థన చేసి, చేతనైన సహాయం చేసి వస్తాం. ఎర్రవల్లి చౌరస్తా మీదుగా పెబ్బేరుకు, అక్కడి నుంచి వనపర్తికి, బిజినేపల్లి దాటి నాగర్‌కర్నూలుకు బస్సుల్లో తిరుగుతూనే ఉంటాం.

"కాన్పు ఎట్లయింది బిడ్డా?" అని అడుగుతాం. "నార్మలే అక్కా. తొలిసూరు గదా, కోసి కుట్లేసిన్రు" అంటుంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖంలో కోపం ఉండదు. వాన పడింది, ఎండ కాసింది అన్నట్టే చెబుతుంది. తొలి కాన్పయితే కోత ఉంటుందని తల్లి చెప్పింది, అత్త చెప్పింది, పక్క మంచం ఆమె చెప్పింది. అది నిజంగా అవసరమై వేశారా, తొలి కాన్పు గనుక వేశారా అని ఎవరూ అడగలేదు. మా ప్రశ్న అక్కడే మొదలైంది.

అసలు ఈ కోత ఏమిటో ముందు తెలుసుకొందాం. బిడ్డ బయటికి వచ్చే దారికీ మలద్వారానికీ మధ్య కొద్దిపాటి కండ ఉంటుంది. బిడ్డ తల బయటపడబోయే సమయంలో ఆ చోట కత్తెరతో ఒక పక్కకు ఏటవాలుగా కోసి దారి వెడల్పు చేస్తారు. దీనినే వైద్యులు ఎపిసియాటమీ అంటారు. ఇది పైచర్మం మీద గీసిన గీత కాదు. చర్మంతోపాటు లోపలి కండ కూడా తెగుతుంది. కాబట్టి మత్తుసూది ఇచ్చి కోయాలి, కాన్పు తరువాత పొరలు పొరలుగా కుట్లు వేయాలి. నాలుగు కుట్లే గదా అని పైవాళ్లు తేలికగా అంటారు గాని, అది గాయమే.

ఈ పద్ధతిని గురించి మొదట రాసినవాడు ఐర్లండు దేశంలోని డబ్లిన్ నగరపు వైద్యుడు ఫీల్డింగ్ ఔల్డ్. అది 1742వ సంవత్సరం. బిడ్డ ఎంతకీ బయటికి రాని కష్టమైన కాన్పులలో మాత్రమే చేయమని ఆయన చెప్పాడు. ఆ తరువాత దాదాపు 180 ఏండ్లకు, 1920లో, అమెరికాలో జోసెఫ్ డిలీ అనే పేరుమోసిన వైద్యుడు తొలి కాన్పులలో ముందుజాగ్రత్తగానే కోసి, పట్టుకారుతో బిడ్డను తీయాలని బోధించాడు. దానంతట అది చిరిగితే గాయం వంకరటింకరగా ఉంటుంది, కోస్తే తిన్నగా ఉండి త్వరగా మానుతుంది. పెద్ద చిరుగులు పడవు. తరువాతి కాలంలో గర్భసంచి జారదు. బిడ్డ తలకు ఒత్తిడి తగ్గుతుంది – ఇవీ ఆ వాదనలు. వినడానికి సబబుగానే ఉన్నాయి. అందుకే పుస్తకాలలోకి ఎక్కాయి, నర్సుల బడులలోకి వచ్చాయి, దేశదేశాలకు పాకాయి. మా నర్సమ్మ చదువుకొన్న రోజుల్లో కూడా పాఠం అలాగే ఉండేదట. కష్టమైన కాన్పుకు పుట్టిన వైద్యం ఈ విధంగా తొలి కాన్పులన్నిటికీ ఆనవాయితీ అయింది.

అయితే ఆ వాదనలు నిజమా కాదా అని పరీక్షించి చూసింది చాలా ఆలస్యంగా. 1983లో థాకర్, బాంటా అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు 1860 నుంచి 1980 వరకు దీని గురించి ఇంగ్లీషులో వచ్చిన వ్యాసాలన్నీ వెతికి చదివారు. అందరికీ కోయడం వలన మేలు కలుగుతుందని చెప్పడానికి గట్టి ఆధారం వారికి దొరకలేదు. నొప్పి, రక్తస్రావం, చీము పట్టడం వంటి కీడులు మాత్రం కనబడ్డాయి.

పదేండ్ల తరువాత, 1993లో, అర్జెంటీనా దేశంలోని 8 ఆసుపత్రులలో 2,606 మంది తల్లులపై చేసిన పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. తల్లులను రెండు గుంపులుగా చేశారు. ఒక గుంపులో అలవాటు ప్రకారం కోశారు. నూటికి 83 మందికి కోత పడింది. రెండవ గుంపులో అవసరమనుకొంటేనే కోశారు. నూటికి 30 మందికి పడింది. మలద్వారం దాకా చిరిగే పెద్ద గాయాలు మొదటి గుంపులో నూటికి ఒకటిన్నర, రెండవ గుంపులో ఒకటికి కొంచెం పైన. అంటే కోత ఎక్కువ వేసినందున పెద్ద చిరుగులేమీ తగ్గలేదు. అవసరాన్నిబట్టి కోసిన గుంపులో ముందువైపు చిన్న చిరుగులు కొంత ఎక్కువగా కనబడిన మాట నిజమే. కాని నొప్పి, కుట్లు విడిపోవడం, గాయం మానకపోవడం ఆ గుంపులోనే తక్కువ.

తరువాత మరికొన్ని పరీక్షలు జరిగాయి. 12 పరీక్షలను, 6,000 మందికి పైగా తల్లుల వివరాలను కలిపి 2017లో కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ పరిశీలించింది. అవసరమున్నవారికే కోసినచోట పెద్ద గాయాలు తగ్గాయని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996లోనే నూటికి 10 మందికి మించకుండా ఉంటే మంచిదని సూచించింది. 2018లో మరింత స్పష్టంగా, తనంతట తాను జరిగే కాన్పులలో అలవాటుగా కోయడం తగదని చెప్పింది. కోయవలసి వస్తే మత్తు ఇచ్చి, తల్లికి చెప్పి ఆమె ఒప్పుకోలు తీసుకొని కోయాలని కూడా చెప్పింది.

ఇంత చెప్పినందువల్ల కోత ఎప్పుడూ వద్దని మా అర్థం కాదు. బిడ్డ గుండె కొట్టుకోవడం మందగించి వెంటనే బయటికి తీయవలసినప్పుడు, పట్టుకారు వేయవలసినప్పుడు, పెద్ద చిరుగు పడేటట్టు కళ్లెదుటే కనిపిస్తున్నప్పుడు కోత అవసరం కావచ్చు. గద్వాల దగ్గరి ఒక పల్లెలో మేము చూసిన చంటివాడు అలాగే బయటపడ్డాడు. గుండె చప్పుడు పడిపోతున్నదని సిస్టరమ్మ చెప్పి, కోసి, నిమిషాల మీద బిడ్డను తీసింది. "ఆ సిస్టరమ్మ చల్లగుండాలె. చెప్పి కోసింది, అందుకే భయం కాలేదు" అన్నది ఆ తల్లి. ఆమెకూ కుట్లు నొప్పి పెట్టాయి. కాని ఎందుకు పడ్డాయో ఆమెకు తెలుసు.

వనపర్తి వైపు ఇంకొక ఇంట్లో చూసిన కోడలు సంగతి వేరు. బిడ్డ పుట్టి పన్నెండు రోజులు. ఆరోగ్యంగానే ఉన్నాడు. ఆమె మాత్రం గోడకు ఆనుకొని ఒక తొడమీద బరువు వేసి సగం కూర్చున్నది. పాలివ్వడానికి బిడ్డను ఎత్తుకొని కూర్చోలేదు, పడుకొని ఇవ్వడం ఎవరూ నేర్పలేదు. మూత్రానికి పోతే మంట. దొడ్డికి పోవాలంటే కుట్లు ఊడిపోతాయేమోనని భయపడి రెండు రోజులు ఆపుకొన్నది. "నీకు చెప్పి కోసిన్రా?" అని మాలో ఒకామె మెల్లగా అడిగింది. "నాకేం చెప్పలే అక్కా. సప్పుడు వినబడ్డది, గంతే" అన్నది. అత్తమ్మ మంచిదే. "మేం కనలేదా, మాకు నొప్పులు లేవా" అన్నది. కాని ఆ అత్తమ్మ ఇంట్లో మంత్రసాని చేతిమీద కన్నది. ఆమెకు ఈ కోతే తెలియదు.

ఆ ఇంటి నుంచి తిరిగి వస్తూ మేము చాలాసేపు మాట్లాడుకోలేదు. ఆ పిల్లకు ఇరవై ఏండ్లు. నెల తిరిగితే పత్తి చేనుకో మిరప తోటకో పోవలసిన ఇల్లు అది. మగ్గం ఇండ్లలోనైతే కండెలు చుట్టడానికి గంటల తరబడి కూర్చోవాలి. ఇక భర్త దగ్గరికి వెళ్లేటప్పుడు కలిగే భయాన్ని, బాధను ఏ కోడలూ ఏ అత్తతోనూ చెప్పుకోదు. "ఇంకో కాన్పయితే ఆపరేషనే చేయించుకుంటా, కింద కోత నాకొద్దు" అని మాతో అన్నవాళ్లు ఒకరిద్దరు కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులు కడుపు కోసి చేసినవే. దానికి కారణాలు అనేకం ఉన్నాయి. మామూలు కాన్పంటే పడుతున్న ఈ భయాన్ని కూడా వాటి పక్కన పెట్టి ఆలోచించాలని మాకనిపిస్తుంది.

అలాగని మంత్రసాని కాలం మళ్లీ రావాలని మేము కోరము. ఆ కాలంలో బిడ్డ అడ్డం తిరిగితే, మాయ పడకపోతే, రక్తం ఆగకపోతే ఎడ్లబండి మీద ఎంతదూరం పోవాలి! దారిలోనే ప్రాణాలు పోయిన తల్లుల కథలు మన అవ్వలు చెప్పేవారు. అమెరికా నుంచి 1907లో మిషన్ డాక్టరుగా వచ్చిన కేథరీనా షెల్లెన్‌బర్గ్ అమ్మగారు నాగర్‌కర్నూలులోను శంషాబాదులోను స్త్రీలకు వైద్యం చేస్తూ, 1945లో శంషాబాదులోనే కన్నుమూశారు. అప్పటి నుంచి ఎంత దూరం వచ్చాం! 1992–93లో మొదటి కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో మూడింట ఒకవంతు కాన్పులే ఆసుపత్రులలో జరిగేవి. 2019–21 నాటికి తెలంగాణలో నూటికి 97 ఆసుపత్రిలోనే జరిగాయి. 2005లో 108 బండ్లు వచ్చాయి. 2016లో మన మూడు పట్టణాలూ జిల్లా కేంద్రాలయ్యాయి. 2022లో వనపర్తికి, నాగర్‌కర్నూలుకు, 2024లో గద్వాలకు ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. దవాఖాన దగ్గరికి వచ్చింది, దేవునికి స్తోత్రం. తల్లులు దవాఖాన గడప దాటారు గనుక, ఆ లోపల జరిగే మంచిచెడ్డలు తెలుసుకోవడం ఇక మన బాధ్యత.

నర్సులను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. మా నర్సమ్మ చెప్పే మాటలు వింటే ఎవరికైనా కనికరం కలుగుతుంది. ఒకే రాత్రి నాలుగు మంచాల మీద నలుగురు నొప్పులు పడుతుంటారు. ఒకరి దగ్గర ఓపికగా నిలబడి బిడ్డ తలను మెల్లగా రానిచ్చేందుకు చేతులు చాలవు. పెద్ద చిరుగు పడితే మాట పడేది నర్సే. కాబట్టి నేర్చుకొన్న పద్ధతినే పట్టుకొంటుంది. ఇది మారాలంటే ఆమెకు తోడుగా మనుషులుండాలి, కొత్త శిక్షణ ఉండాలి.

అలాంటి శిక్షణ మన రాష్ట్రంలోనే మొదలైంది. హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి డాక్టరు ఎవిటా ఫెర్నాండెజ్ గారు తల్లి మాటకు విలువనిచ్చే కాన్పు కోసం, నర్సులను మిడ్‌వైఫ్‌లుగా తయారుచేయడం కోసం చాలాకాలంగా పాటుపడుతున్నారు. 2017లో తెలంగాణ ప్రభుత్వం, యునిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి కరీంనగర్ జిల్లా ఆసుపత్రిలో ప్రభుత్వ నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టారు. 2018లో భారత ప్రభుత్వం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు ఇచ్చింది. మిడ్‌వైఫ్ అంటే పాతకాలపు మంత్రసాని కాదు. చదువుకొన్న నర్సే, మామూలు కాన్పును తొందరపెట్టకుండా దగ్గరుండి జరిపించడం, ప్రమాదం కనబడితే వెంటనే డాక్టరును పిలవడం ఆమె పని. బైబిలులో షిఫ్రా, పూయా అనే మంత్రసానుల పేర్లు ఫరో పేరుకంటె జాగ్రత్తగా రాయబడ్డాయి గదా. ఆ ఫరో పేరే అక్కడ లేదు! కాన్పు చేసే చేతులకు అంత విలువ ఉన్నది.

మన సంఘాలలో వినబడే ఒక మాటను ఇక్కడ చెప్పక తప్పదు. హవ్వకు దేవుడు చెప్పిన మాటను ఎత్తి, స్త్రీకి వేదన రాసిపెట్టి ఉన్నది, ఓర్చుకోవాలి అని కొందరు పెద్దలంటారు. నొప్పులు వేరు, మనుషులు అలవాటుగా పెట్టిన కోత వేరు. ముండ్లతుప్పలు మొలుస్తాయని ఆదాముకు చెప్పబడినా, పాలమూరు రైతు చేనులో కలుపు తీయడం మానలేదు. అవసరం లేని గాయాన్ని తప్పించడం అవిశ్వాసం ఎలా అవుతుంది?

ఇక మనం చేయగలిగినది చెప్పుకొందాం. ఎనిమిదవ నెల దాటిన తరువాత, 34–35 వారాల నుంచి, తొలిసూరు తల్లి శుభ్రమైన చేతులతో వారానికి ఒకటి రెండుసార్లు ఆ చోట నూనెతో మెల్లగా మర్దన చేసుకొంటే కోత, కుట్లు పడే అవకాశం తగ్గుతుందని పరీక్షలలో తేలింది. చేసే తీరును ఏ.ఎన్.ఎం. సిస్టరును అడిగి నేర్చుకోవాలి. నొప్పుల వేళ వెల్లకిలా పడుకొనే ఉండక, నడవడం, కూర్చోవడం, పక్కకు తిరిగి పడుకోవడం మంచిది. తల కనబడే వేళ ఆ చోట గోరువెచ్చని తడిగుడ్డ అద్దితే పెద్ద చిరుగులు తగ్గుతాయి. అప్పుడు గట్టిగా ముక్కమని అందరూ అరవకూడదు. సిస్టరు చెప్పినట్టు మెల్లగా ఊపిరి విడుస్తూ రానివ్వాలి. పొట్టమీద ఎక్కి నొక్కడం తగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ప్రభుత్వ ఆసుపత్రుల కాన్పు గదిలో తల్లికి తోడుగా ఒక స్త్రీ ఉండవచ్చునని కేంద్రప్రభుత్వం 2016లో అనుమతించింది. ఆ తోడును అడగండి.

దవాఖానకు చూపించుకోవడానికి పోయినప్పుడే, నొప్పులు రాకముందే, మర్యాదగా మూడు మాటలు అడగండి. "సిస్టరమ్మా, మీ దగ్గర తొలిసూరుకు అందరికీ కోస్తారా, అవసరమైతేనే కోస్తారా? కోయవలసి వస్తే మా పిల్లకు ముందుగా చెప్తారా? మత్తుసూది ఇస్తారా?" ఈ మూడు చాలు. పెబ్బేరు దగ్గరి ఒక అత్తమ్మ మొన్న కోడలితో వెళ్లి ఇలాగే అడిగింది. సిస్టరు మొదట ఆశ్చర్యపోయింది గాని, "అవసరమైతేనే, చెప్పే చేస్త" అన్నదట. ఆ కోడలికి కోత పడలేదు. చిన్న చిరుగుకు రెండు కుట్లు పడ్డాయి. వారం తిరగకముందే లేచి తిరుగుతూ కనబడింది.

కోత పడిన తల్లికి ఇంట్లో చేయవలసినది ఇంకా ముఖ్యం. మన పక్క బాలింతకు ఎల్లిపాయ కారంతో అన్నం పెట్టి, నీళ్లు కొలతగా ఇచ్చే పథ్యం ఇంకా ఉన్నది. నీళ్లు తగ్గితే మలం గట్టిపడుతుంది, గట్టిపడితే కుట్లు గుంజుతాయి. కాబట్టి నీళ్లు దండిగా తాగనివ్వండి. ఆకుకూరలు, పప్పు, పండ్లు పెట్టండి. మూత్రానికి పోయిన ప్రతిసారి శుభ్రమైన నీళ్లతో ముందునుంచి వెనుకకు కడుక్కొని, మెత్తని గుడ్డతో అద్దుకోవాలి. గోరువెచ్చని నీళ్ల టబ్బులో కాసేపు కూర్చుంటే ఉపశమనం ఉంటుంది. పసుపు, బూడిద, పసరు వంటివి గాయానికి పెట్టవద్దు. పక్కకు పడుకొని పాలివ్వడం నేర్పండి. జ్వరం, చెడువాసన, చీము, పెరిగే వాపు, కుట్లు విడిపోవడం, మలం లేక గాలి ఆపుకోలేకపోవడం – వీటిలో ఏది కనబడినా సిగ్గుపడక వెంటనే దవాఖానకు తీసుకుపోవాలి.

భర్తలకూ ఒక మాట. గాయం పూర్తిగా మానినదని ఆమె చెప్పేదాకా ఓపిక పట్టండి. నీళ్లు మోయడం, బిడ్డ గుడ్డలు ఉతకడం మగవానికి చిన్నతనం కాదు. బాలింత ఆరాధనకు వచ్చిన ఆదివారం చాపమీద కూర్చోమని బలవంతం చేయక, ఒక కుర్చీ వేసి మెత్తని దిండు పెట్టండి. మా సమాజాలలో కొన్ని ఈ సంవత్సరం నుంచి గర్భిణీ స్త్రీల ఇండ్లకు ఏడవ నెలలోనే వెళ్లడం మొదలుపెట్టాయి. ఆ మూడు ప్రశ్నలను ఒక కాగితం మీద రాసి అత్తమ్మ చేతికే ఇస్తున్నాం. కోడలు అడగలేనిది అత్త అడగగలదు. మీ సంఘంలో కూడా ఈ పని చేయవచ్చును.